తిరగవాత వెయ్యని కారం: వింగ్స్ సాస్ ఇంట్లో ఎందుకు విరుగుతుంది

ఎర్రకారం దోసె దొరికే ఊళ్లో మిరపకాయ గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. కడప, కర్నూలు, అనంతపురం ఏ వైపు పోయినా ఇంటికో రోలు ఉన్నట్టే కారం మీద ఇంటికో మాట ఉంటుంది. అయినా వేయించిన కోడి రెక్కలకు పట్టించే, వెన్న, వెనిగర్, మిరపకాయ అనే మూడు వస్తువుల వింగ్స్ సాస్ దగ్గరికి వచ్చేసరికి ఈ చేయి తిరిగినవాళ్లే బోల్తా పడుతున్నారు. అలవాటైన చేయే మోసం చేస్తుంది. బాణలిలో వెన్న కరగ్గానే ఆ చేయి కారప్పొడి డబ్బా మీదికి పోతుంది. తెల్లగడ్డ నలిగి పడుతుంది, చుయ్‌మంటుంది, వాసన బ్రహ్మాండంగా వస్తుంది. దాని మీద వెనిగర్ పోసి రెండు పొంగులు రానిస్తారు. దించి చూస్తే పైన ఎర్రటి నూనె తేలుతుంది, అడుగున చేదెక్కిన మడ్డి, మధ్యలో పుల్లటి నీళ్లు.

అది తిరగవాత. రసానికి, పప్పుకి దానంత మంచి పని ఇంకోటి లేదు. ఈ సాస్‌కు మాత్రం అదే శత్రువు. తిరగవాతలో కొవ్వును బాగా కాచి, కారాన్ని అందులో వేయించి, వాసనను నూనెకు ఎక్కిస్తాం. వింగ్స్ సాస్‌లో కారాన్ని పులుపులో ఉడికించి, సెగ ఆర్పి, చల్లటి వెన్నను అందులో చిలకాలి. వరుస పూర్తిగా తిరగబడింది. కొలతలు, రకాలు, బ్రాండ్లు అన్నీ ఈ వరుస తర్వాతే.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. హోటల్ మెనూల్లో 'బఫెలో వింగ్స్' అని కనిపిస్తే ఎనుము గుర్తొచ్చి నవ్వుకునేవాళ్లున్నారు. బఫెలో అనేది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక ఊరు. 1964లో అక్కడి ఆంకర్ బార్‌లో తెరెసా బెల్లిసిమో అనే ఆవిడ కోడి రెక్కల్ని పిండి అంటించకుండా నూనెలో వేయించి, సీసా హాట్ సాస్‌లో వెన్న కలిపి పట్టించిందన్నది బాగా ప్రచారంలో ఉన్న కథ. అదే ఊళ్లో జాన్ యంగ్ అనే ఆయన అంతకుముందు నుంచే రెక్కల్ని వేరే సాస్‌తో అమ్మేవాడని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ తగువు వాళ్లది. మనకు కావాల్సింది ఒక్క ముక్క: అసలు పద్ధతిలో కారప్పొడి లేదు, వేపుడు మసాలా లేదు. పులియబెట్టిన కయాన్ మిరపకాయ, వెనిగర్, ఉప్పు, తెల్లగడ్డ కలిసిన సీసా సాస్ ఉంది, వెన్న ఉంది.

ఇంకో మాట, సీమవాళ్ల రోషానికి సంబంధించింది. ఆ సీసా సాస్ మనకు కారమే కాదు. బఫెలో వింగ్స్‌తో ముడిపడిపోయిన ఫ్రాంక్స్ రెడ్‌హాట్ ఘాటు 450 స్కోవిల్ యూనిట్ల (కారం ఘాటును కొలిచే లెక్క) దగ్గర ఉంటుంది. గుంటూరు సన్నం ఎండుకాయ 30,000 దాటుతుంది. సాస్‌లో నీళ్లు, వెనిగర్ ఎక్కువ కాబట్టి కాయతో నేరుగా పోల్చకూడదు, నిజమే. అయినా ఎర్రకారం తిన్న నోటికి అది చప్పగానే తగులుతుంది. అందుకే చాలామంది తేజ మిరపకాయ దట్టిస్తారు. అక్కడ రెండో పొరపాటు జరుగుతుంది. ఈ సాస్ గొప్పతనం మంటలో లేదు. ముక్క నోట్లో పెట్టగానే ముందు పులుపు తగలాలి, ఆ వెంటనే వెన్న కమ్మదనం, ఆ తర్వాత నింపాదిగా కారం. తేజ దట్టిస్తే మొదటి రెండూ తెలియకుండానే మూడోది వచ్చి కూర్చుంటుంది. కారం పెంచుకోండి, తప్పులేదు. పెంచినంత మేర పులుపు, వెన్న కూడా నిలబడేట్టు చూసుకోండి.

కాయల విషయంలో మనకు దొరికే సౌలభ్యం అమెరికా వాడికి లేదు. కర్నూలు వైపు పండిన మిర్చి గుంటూరు యార్డుకూ పోతుంది, కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్టుకూ పోతుంది. రెండు రకాలూ మన కిరాణా కొట్లలో పక్కపక్కనే ఉంటాయి. పొడుగ్గా, ముడతలు పడి, ముదురు ఎరుపులో ఉండే బ్యాడిగి రంగుకు, కమ్మటి వాసనకు. నున్నగా ఉండే గుంటూరు 334 రకం ఘాటుకు. ఒక్క గుంటూరు కాయతోనే చేస్తే సాస్ నారింజ రంగులో పలచగా, మంటగా వస్తుంది. ఒక్క బ్యాడిగితో చేస్తే రక్తంలాంటి రంగు వస్తుంది గానీ నాలుక మీద ఏమీ జరగదు. మూడొంతులు బ్యాడిగి, ఒక వంతు 334 అయితే వెన్న కలిశాక కూడా కారం బతికి ఉంటుంది.

మూలసాస్ (వెన్న కలపకముందు సాస్) కొలత ఇది. తొడిమలు తీసి, బ్యాడిగి గింజలు దులిపేశాక 40 గ్రాముల బ్యాడిగి, 15 గ్రాముల 334. పావులీటరు వేడినీళ్లలో అరగంట నానబెట్టాలి. నానిన నీళ్లను ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. చేదుగా ఉంటే (పాత కాయలు, ఎక్కువ ఎండదెబ్బ తిన్న కాయలు అలా ఉంటాయి) పారబోసి కొత్త నీళ్లు పోసుకోండి. తర్వాత మిక్సీలో ఆ కాయలు, నీళ్లు, 150 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్, ఏడెనిమిది తెల్లగడ్డ రెబ్బలు, 12 గ్రాముల ఉప్పు, అర టీస్పూను చక్కెర వేసి మూడు నాలుగు నిమిషాలు తిప్పాలి. ఒక నిమిషం తిప్పి ఆపితే తొక్కలు చెక్కల్లా మిగిలి, వడకట్టేటప్పుడు సగం సారం జల్లెట్లోనే ఉండిపోతుంది. స్టీలు గిన్నెలో సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉడికించి, వేడిగా ఉన్నప్పుడే సన్న జాలీలో గరిటెతో రుద్దుతూ వడకట్టాలి. ఆరాక ఇంకో 20 మిల్లీలీటర్ల వెనిగర్ పచ్చిగా కలపాలి. సుమారు 300 మిల్లీలీటర్లు వస్తుంది.

స్టీలు అని ఊరికే అనలేదు. ఇనుప బాణలిలో వెనిగర్ పడితే సాస్ నల్లబడి తుప్పు రుచి వస్తుంది. అల్యూమినియం, ఇత్తడి, రాగి గిన్నెల్ని పులుపు తింటుంది. కిటికీలు తీసి పెట్టుకోండి. మిరపకాయ ఘాటు వెనిగర్ ఆవిరితో కలిసి పైకి లేస్తే ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు అరగంట దగ్గుతారు. ఉడుకుతున్న గిన్నె మీద ముఖం పెట్టి వాసన చూసే అలవాటు ఉంటే ఆ పది నిమిషాలూ మానుకోండి.

చివర్లో పచ్చి వెనిగర్ ఎందుకంటే, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఆవిరై పోయే రకం. ముక్కుకు చురుక్కుమని తగిలే గుణం దానిదే. ఉడికించినప్పుడు కొంత పోతుంది. ఆ 20 మిల్లీలీటర్లు దాన్ని వెనక్కి తెస్తాయి. మొత్తం వెనిగర్‌ను చివర్లోనే పోస్తే సరిపోదా అంటే సరిపోదు. అప్పుడు కాయ పచ్చివాసన, వెనిగర్ కరుకుదనం దేని దారి దానిదిగా ఉంటాయి.

కొట్లో వెనిగర్ సీసా కొనేటప్పుడు లేబుల్ చదవండి. చవకగా దొరికేది సింథటిక్ వెనిగర్, అంటే ఎసిటిక్ ఆమ్లాన్ని నీళ్లలో పలచన చేసినది. ఆ మాట సీసా మీద రాసి ఉంటుంది. పులియబెట్టి చేసిన బ్రూడ్ వెనిగర్ ధర కొంచెం ఎక్కువ, వాసన నెమ్మది. రెండింటితోనూ సాస్ వస్తుంది. సింథటిక్ అయితే ఉడికించే సమయం మాత్రం తగ్గించకూడదు. శుభ్రం చేసుకోవడానికి అమ్మే గాఢమైన ఎసిటిక్ ఆమ్లం జోలికి వెళ్లొద్దు. నీళ్లు కలిపి తినొచ్చని ఎవరు చెప్పినా వినొద్దు.

చింతపండు ఎందుకు కాదు?

ఈ ప్రశ్న సీమలో రాకుండా ఉండదు. చింతపండు మన ఇంట్లో బుట్టలకొద్దీ ఉంటుంది, వెనిగర్ కోసం కొట్టుకు పోవాలి. సమాధానం పులుపు రకంలో ఉంది. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది, అది ఆవిరి కాదు. నాలుక మీద బరువుగా కూర్చుంటుంది, ముక్కుకు ఎక్కదు. పైగా గుజ్జు రంగును గోధుమ వైపు లాగేస్తుంది. చింతపండు రసంలో వెన్న కలిపితే వచ్చేది ఒక మంచి పులుసు, దాన్ని అన్నంలో కలుపుకోవచ్చు. కరకరలాడే చర్మం మీద అది బురదలా పట్టుకుంటుంది. నిమ్మకాయ ఇంకా తొందరపాటు మనిషి. ఉడికిస్తే చేదెక్కుతుంది. దించాక నాలుగు చుక్కలు పిండుకుంటే వాసన బాగుంటుంది, అంతకుమించి పని చెప్పకండి. పెరుగు పోస్తే విరిగిపోతుంది.

టమాటా కెచప్, షెజ్వాన్ సాస్ వేసేవాళ్లతో వాదించే ఓపిక లేదు. ఒకటి చక్కెర, ఇంకోటి నూనె. సాస్ చిక్కబడాలని కార్న్‌ఫ్లోర్ కలిపితే వేడిగా ఉన్నంతసేపూ మెరుస్తుంది, ఆరితే జిగురుముద్ద. చిల్లీ చికెన్ తినాలనుకుంటే చిల్లీ చికెనే చేసుకోవచ్చు కదా.

పండుమిరపకాయల కాలంలో

పైన చెప్పింది ఏడాది పొడుగునా చేసుకునేది. డిసెంబరు నుంచి మార్చిదాకా పండుమిరపకాయలు మార్కెట్లో ఉన్నన్ని రోజులూ ఎండుకాయను పక్కన పెట్టండి. పచ్చడికి పట్టే చేతులే ఈ సాస్‌కు సగం పని చేసిపెడతాయి. అయితే పచ్చడి కొలత వేస్తే మాత్రం చెడుతుంది. పండుమిరప పచ్చడికి కిలో కాయలకు దగ్గర దగ్గర పావుకిలో దాకా ఉప్పు పడుతుంది, చింతపండూ పడుతుంది. అంత ఉప్పులో పచ్చడి ఏడాది నిలుస్తుంది గానీ పులియదు. పులిపించే లాక్టిక్ బాక్టీరియా అంత ఉప్పును తట్టుకోలేదు. ఆ పచ్చడినే తెచ్చి వెన్న కలిపితే ఉప్పు కషాయం అవుతుంది, ఎంత వెన్న పోసినా సరికాదు.

సాస్ కోసం ఉప్పు కాయల తూకంలో నూటికి 3 వంతులు. అరకిలో కాయలకు 15 గ్రాములు. కాయల్ని తొడిమలతోనే కడిగి, గుడ్డ మీద నీడన పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాత తొడిమలు తియ్యాలి. ముందే తీసి కడిగితే కాయ లోపలికి నీళ్లు పోయి కుళ్లు మొదలవుతుంది. కచ్చాపచ్చాగా దంచి, ఉప్పు, 20 గ్రాముల తెల్లగడ్డ కలిపి గాజు జాడీలో ముప్పాతిక వరకే నింపాలి. మూత బిగించొద్దు, గ్యాస్ పుట్టి పొంగుతుంది. రోజూ ఒకసారి పొడి చెంచాతో కిందామీదా కలపాలి. ఎందుకంటే పైకి తేలి గాలి తగిలే పొర మీదే బూజు పడుతుంది.

మన చలికాలపు గది వేడిలో వారం రోజులకు కాయ పచ్చివాసన పోయి, ఊరిన పులుపు వాసన వస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని పెట్టుకుంటే మూడు నాలుగు రోజుల్లోనే మెత్తబడి చెడువాసన పట్టే ప్రమాదం ఉంది. అప్పుడు నీళ్లకుండ పక్కన, ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూల పెట్టి, రోజుకు రెండుసార్లు చూసుకోవాలి. పైన పలచగా తెల్లటి పొర కట్టితే అది ఒక రకం ఈస్ట్, తీసేసి కలిపితే చాలు. నూగులాగా, దూదిలాగా, పచ్చగానో నల్లగానో కనిపిస్తే మాత్రం జాడీ మొత్తం పారబోయండి. పైది తీసేసి కింద వాడుకుందామన్న పొదుపు ఇక్కడ పనికిరాదు.

ఊరిన ముద్దకు 150 మిల్లీలీటర్ల వెనిగర్, 80 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, మెత్తగా తిప్పి, పది నిమిషాలు ఉడికించి, వడకట్టండి. ఇందులో చివరి పచ్చి వెనిగర్ అక్కర్లేదు, ఊరడంలో వచ్చిన పులుపు చాలు. ఈ సాస్ పక్కన ఎండుకాయ సాస్ పెడితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఎండుకాయది సూటి రుచి. దీనికి లోతు ఉంది, కారం కూడా గొంతులో గుచ్చకుండా నాలుకంతా పరుచుకుంటుంది. కొనే సీసా సాస్‌కు దగ్గరగా వచ్చేది ఇదే. చాలా సీసాల కంటే మంచిదని కూడా చెప్తాను, ఎందుకంటే మన కాయ బాగుంది.

రెండూ లేవు, రాత్రికి చుట్టాలొస్తున్నారు, డబ్బాలో కారప్పొడి ఒక్కటే ఉందనుకోండి. 20 గ్రాముల కారప్పొడిని 60 మిల్లీలీటర్ల వెనిగర్, 80 మిల్లీలీటర్ల వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, ఐదు నిమిషాలు ఉడికించి, గుడ్డలో వడకట్టండి. గరగర కొంత మిగులుతుంది. కూరకారం, అంటే ధనియాలు, జీలకర్ర కలిపి కొట్టించిన పొడి, వద్దు. అది వేస్తే కోడికూర వాసనే వస్తుంది.

వెన్న దగ్గరే అసలు పంచాయితీ

పెరుగును కవ్వంతో చిలికితే ఏం జరుగుతుంది? నీళ్లలో చెదిరి ఉన్న కొవ్వు బొట్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి, మజ్జిగ విడిపోతుంది. వెన్నంటే అదే: కొవ్వులో నీటి బొట్లు చిక్కుకుని ఉన్న ముద్ద. ఇక్కడ మనం చేసే పని ఆ చిలకడానికి ఎదురు నడక. వెన్నను మళ్లీ చిన్నచిన్న బొట్లుగా విరగ్గొట్టి పులుపునీళ్లలో చెదరగొట్టి, మీగడలాంటి చిక్కదనం తెస్తాం. చిత్రమేమిటంటే పనిముట్టు అదే, చిన్న కవ్వం. దుకాణాల్లో దొరికే తీగల విస్క్ లేకపోతే మజ్జిగ కవ్వం దానికంటే తక్కువేమీ కాదు.

ఆ బొట్లు మళ్లీ అతుక్కోకుండా కాపలా కాసేవి వెన్నలో మిగిలి ఉన్న పాల పదార్థాలు: ప్రొటీన్లు, కొవ్వుబొట్టు చుట్టూ ఉండే పొర ముక్కలు. ప్యాకెట్ వెన్నలో కొవ్వు 80 శాతం, మిగతాదాంట్లో ఎక్కువ నీళ్లు, కాస్త ఉప్పు, కొద్దిగా ఈ పదార్థాలు. నెయ్యి కాచేటప్పుడు మనం చేసేదేమిటి? నీళ్లను ఆవిరి చేసి, ఈ పదార్థాల్ని గసిగా అడుగున వదిలేస్తాం. కాపలావాళ్లను పంపించేసిన కొవ్వు నెయ్యి. అందుకే నెయ్యితో ఈ సాస్ ఎన్నిసార్లు చేసినా పైన తేలుతుంది. నెయ్యి కారం దోసె ఎంత బాగున్నా సరే, ఈ వాదనలో నెయ్యి గెలవదు.

ఇంట్లో తీసిన ఎనుము పాల వెన్న వాడొచ్చా? నిక్షేపంగా. నిజానికి అప్పుడే ఆ బఫెలో పేరుకు అర్థం వస్తుంది. కాకపోతే మూడు జాగ్రత్తలు. ఇంటి వెన్నలో నీళ్లు ఎక్కువ, కాబట్టి చల్లటి నీళ్లలో పిసికి, గుడ్డతో అద్ది, ప్యాకెట్ వెన్న కంటే పది గ్రాములు ఎక్కువ వేసుకోవాలి. ఉప్పు ఉండదు, కాబట్టి సాస్‌లో ఒకటిన్నర గ్రాములు కలపాలి. రోజుల తరబడి మీగడ దాచి ఒకేసారి తీసిన వెన్నకు ముక్కవాసన ఉంటుంది. కాచినప్పుడు నెయ్యిలో అది కప్పబడిపోతుంది, కాచని సాస్‌లో బయటపడుతుంది. రెండు రోజుల లోపు మీగడ వెన్నే వాడండి. రంగు సంగతి భయపడొద్దు. ఎనుము వెన్న తెలుపు, ప్యాకెట్ వెన్న లేత పసుపు రంగుది. మిరపకాయ రెండింటినీ ఒకేలా మార్చేస్తుంది.

ఇక కలిపే తీరు. కిలో రెక్కలకు 120 మిల్లీలీటర్ల మూలసాస్, 80 గ్రాముల వెన్న. వెన్నను పది గ్రాముల ముక్కలుగా కోసి తిరిగి ఫ్రిజ్‌లో పెట్టండి. మూలసాస్‌ను ఒక్క పొంగు రానిచ్చి దించి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పొయ్యి ఆరిపోయి ఉండాలి, సిమ్‌లో కాదు. రెండేసి ముక్కలు వేసి, అవి కరిగేదాకా కవ్వం తిప్పి, మళ్లీ రెండు. 85 డిగ్రీల దగ్గరున్న అంత సాస్‌లో ఫ్రిజ్ వెన్న అంతా కరిగేసరికి వేడి తానే 55 చుట్టుపక్కలకు దిగుతుంది. కావాల్సింది కూడా అదే. థర్మామీటర్ లేకపోతే వేలు పెట్టండి: చురుక్కుమనాలి, కాలకూడదు. గరిటె వెనక పట్టి, వేలితో గీత గీస్తే ఆ గీత మూసుకోకుండా నిలిస్తే సాస్ కుదిరినట్టు.

విరగడానికి కారణాలు నాలుగే. మళ్లీ పొయ్యి మీద పెట్టి మరిగించడం అన్నిటికంటే పెద్దది. మరిగితే బొట్లు ఢీకొని కలిసిపోతాయి, పులుపులో ప్రొటీన్లు గడ్డకడతాయి. మూలసాస్‌ను బాగా చిక్కగా దగ్గరపడేదాకా ఉడికించడం రెండోది. వెన్న చెదరడానికి నీళ్లంటూ ఉండాలి కదా. మూడోది వెన్న అత్యాశ. మూలసాస్‌తో సమానంగా వెన్న వేసుకోవచ్చు, దానికి ఒకటిన్నర రెట్లు అయితే నిలవడం కష్టం. నాలుగోది ఎవరూ అనుమానించనిది: నూనె వోడ్చని రెక్కలు. గిన్నెలో సాస్ అద్దంలా ఉంటుంది, ముక్కలు వేసి కలపగానే విరుగుతుంది, తప్పు సాస్ మీదికి పోతుంది.

విరిగినదాన్ని పారబోయొద్దు. వేరే గిన్నెలో రెండు చెంచాల వేడినీళ్లు పోసుకుని, విరిగిన సాస్‌ను చెంచా చెంచాగా వేస్తూ చిలకండి. సగానికి వచ్చేసరికి కుదురుకుంటుంది, మిగతాది సన్నటి ధారగా పోయొచ్చు. తొందరైతే మిక్సీ చిన్న జార్‌లో పది సెకన్లు. మూత మీద చేయి గట్టిగా పెట్టండి, వేడి సాస్ ఎగిరితే గోడకు ఎర్రరంగే. పెద్ద వంటకైతే మూలసాస్ 300 మిల్లీలీటర్లకు అర గ్రాము జాంథన్ గమ్ (సాస్‌ను చిక్కబరిచే పొడి) ముందే కలుపుకోవచ్చు. సీసా సాస్‌ల లేబుళ్ల మీద 415 అని కనిపించే అంకె అదే. తప్పేమీ లేదు. చిటికెడు ఎక్కువైతే మాత్రం సాస్ తీగలు సాగుతుంది, తినబుద్ధి కాదు.

సాస్ విరిగితే చూపుకే కదా, కలిపి తినేస్తే పోలేదా అని అడగొచ్చు. రుచి కూడా పోతుంది. మిరపకాయ మంట కాప్సైసిన్ అనే పదార్థానిది, అది కొవ్వులో కరుగుతుంది, నీళ్లలో కరగదు. పులుపు నీళ్లలో ఉంటుంది. సాస్ కుదిరినప్పుడు బయట నీళ్లు, లోపల కొవ్వు బొట్లు. అందుకే ముందు పులుపు తగిలి, మంట నెమ్మదిగా విడుదలవుతుంది. విరిగితే ఎర్రనూనె నాలుకను కప్పేసి మంట ముందే తగులుతుంది, పులుపు అడుగున గిన్నెలో మిగిలిపోతుంది. అవే వస్తువులు, అవే కొలతలు, రుచి మాత్రం వేరు.

రెక్కల గురించి, సాస్‌కు అవసరమైనంత వరకే

చికెన్ కొట్లో చెప్పకపోతే తోలు తీసి ఇస్తారు. మన వైపు అదే వాడుక. కోడిని తోలుతో కావాలని కోయకముందే చెప్పండి, బొచ్చు పీకించి, ఒక్కో రెక్కను కీలు దగ్గర రెండు ముక్కలు చేయించండి. కొన కొస పులుసుకు పనికొస్తుంది. కిలోకు ఇరవై, ఇరవైనాలుగు ముక్కలొస్తాయి. నాటుకోడి రెక్కలు ఈ పనికి రావు. కండ తక్కువ, నరం ఎక్కువ, పదిహేను నిమిషాల నూనెకు లొంగవు. వాటి చోటు సంగటి పక్కన పులుసులోనే.

ముక్కల్ని గుడ్డతో పూర్తిగా అద్ది, 6 గ్రాముల ఉప్పు మాత్రమే పట్టించండి. మూలసాస్‌లోనూ, ప్యాకెట్ వెన్నలోనూ (వందకు సుమారు 2 గ్రాములు) ఉప్పు ఉందని మరవొద్దు. ఓవెన్‌లో చేసేవాళ్లు కిలోకు రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ కూడా పట్టించి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఆరబెట్టి, జాలీ మీద 220 డిగ్రీల దగ్గర ముప్పావుగంట కాల్చాలి. బేకింగ్ పౌడర్ అన్నానే గానీ వంటసోడా అనలేదు. సోడా వేస్తే సబ్బు నమిలినట్టుంటుంది.

నూనెలో అయితే రెండు విడతలు. మొదట 150 డిగ్రీల్లో, అంటే మిరపకాయ బజ్జీల సెగ కంటే బాగా తక్కువలో, పది నిమిషాలు. తీసి పావుగంట ఆరనిచ్చి, బజ్జీల సెగ కంటే ఒక మెట్టు ఎక్కువలో, 190 దగ్గర, మూడు నాలుగు నిమిషాలు. శెనక్కాయ నూనె మంచిదే, కానీ గానుగ నూనె రెండో విడత సెగకు పొగలు కక్కుతుంది. ఇక్కడికి రిఫైండే వాడండి, గానుగ నూనెను పచ్చళ్లకు దాచుకోండి. తోలు లేని రెక్కలే ఇంటికొచ్చేస్తే, బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్ చెరి 40 గ్రాములు పొడిగా పట్టించి వేయించండి. తోలంత కరకర రాదు, సాస్ మాత్రం పట్టుకుంటుంది.

వేగిన ముక్కల్ని జాలీ మీద ఒక నిమిషం ఉంచి, వెడల్పాటి బేసిన్‌లో సాస్ పోసి, చేత్తో బేసిన్‌నే ఎగరేస్తూ కలపాలి. గరిటెతో కెలికితే పైపొర ఊడుతుంది. కలపడం, పళ్లెంలో పెట్టడం, తినడం వెంటవెంటనే జరగాలి. పది నిమిషాలు దాటితే పొర నానుతుంది. చలికాలం రాత్రి చల్లటి స్టీలు పళ్లెంలో పెడితే ఇంకో ఇబ్బంది. వెన్న 35 డిగ్రీల కింద గట్టిపడటం మొదలెడుతుంది, ముక్కల మీద తెల్లగా పేరుకుంటుంది. పళ్లెం మీద వేడినీళ్లు పోసి తుడిస్తే సరి. కర్నూలు మే నెలలో ఈ బాధే లేదు, వెన్న బయట పెట్టినా గట్టిగా ఉండదు. అప్పుడు కష్టమంతా చల్లటి వెన్నను చల్లగా ఉంచడంలోనే.

పక్కన అమెరికావాళ్లు పెట్టుకునే సెలరీ, బ్లూ చీజ్ కోసం హైదరాబాదుకు మనిషిని పంపక్కర్లేదు. గుడ్డలో వేలాడదీసిన గట్టి పెరుగులో ఉప్పు, దంచిన తెల్లగడ్డ, మిరియాల పొడి కలిపి, దోసకాయ, క్యారెట్ ముక్కలు పెట్టండి. పెరుగులోని కేసీన్ అనే ప్రొటీన్ మంటను నాలుక మీద నుంచి లాగేస్తుంది. నీళ్లు తాగితే మంట నోరంతా తిరుగుతుంది తప్ప తగ్గదు.

వెన్న కలపని మూలసాస్ శుభ్రమైన సీసాలో, ఫ్రిజ్‌లో రెండు నెలలు బాగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ కారం, పులుపు ఒకదానికొకటి అలవాటుపడి ఇంకా బాగుంటుంది. వెన్న కలిపినది వారం. గడ్డకట్టి ఉంటుంది కాబట్టి నేరుగా పొయ్యి మీద పెట్టకుండా గిన్నెను వేడినీళ్లలో ఉంచి కవ్వం తిప్పాలి. అలా మిగిలినది రెండు మూడు చెంచాలే అయితే దానికోసం మళ్లీ కోడి అక్కర్లేదు. పెనం మీద నుంచి దిగిన జొన్నరొట్టె మీద, పొగలు వస్తుండగానే రాసి, నాలుగు ఎర్రగడ్డ ముక్కలు చల్లుకోండి.